ఏటి పుచ్చ ఏటయిపోయింది?

వేసవి తిరగ్గానే గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా రోడ్డు పొడుగునా పుచ్చకాయల గుట్టలు లేస్తాయి. అన్నీ ఒకే సైజు. అన్నీ ఒకే రంగు. ఒకే అచ్చులో పోసి తీసినట్టుంటాయి. కోసి చూపిస్తాడు, లోపల ఎర్రగా నవ్వుతుంది. ఎక్కడి కాయ బాబూ అని అడగండి. లోడు వచ్చింది సార్ అంటాడు. ఏ ఊరి లోడో అమ్మేవాడికి తెలియదు. ఆ విత్తనం తల్లెవరో, తండ్రెవరో పండించిన రైతుకే తెలియదు. ఆ రహస్యం కంపెనీ బీరువాలో ఉంటుంది.

వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, శారద, వరాహ, తాండవ. ఏడు ఏర్లున్న నేల మనది. ఏరు లేని ఊరివాడు పుచ్చకాయ కొనుక్కుని తిన్నాడంటే అర్థం ఉంది. ఏటి ఒడ్డున పుట్టినవాడు లారీ కాయ కోసం బేరమాడే గతి ఎందుకొచ్చింది? మన ఇసుకలో పండిన నాటు పుచ్చ ఏటయిపోయింది? 'ఏటి' అంటే మనకు రెండర్థాలు. ఒకటి ఏరు. రెండోది ప్రశ్న. ఈ వారం మేము రెండూ కలిపే అడుగుతున్నాం.

ఈ ప్రశ్న ఏ ఆఫీసులో వేసినా ఒకటే జవాబు. వానలు తగ్గాయి, భూగర్భ జలాలు అడుగంటాయి, నీళ్లు లేకే పాత రకాలు పోయాయి అంటారు. చదువుకున్న మనవాళ్లు కూడా తలాడిస్తారు. పుచ్చకాయలో నూటికి 92 పాళ్లు నీళ్లేనని బడిలో చదువుకున్నాం కదా, కాబట్టి దానికి బోలెడు నీళ్లు కావాలనుకుంటాం.

ఈ జవాబు అబద్ధం. అబద్ధం ఎక్కడుందో ముందు పంట వైపు నుంచే చూద్దాం.

పుచ్చ పుట్టింది మాగాణిలో కాదు. ఆఫ్రికా ఎండల్లో. మనం తినే తీపి పుచ్చకు అతి దగ్గరి చుట్టం సూడాన్ దేశపు కొర్డోఫాన్ ప్రాంతంలో ఉందని 2021లో జన్యు పరిశోధకులు తేల్చారు. కలహారి ఎడారిలో మరో అడవి పుచ్చ ఉంది. ఎండాకాలంలో అక్కడి జనం దాహం తీర్చుకునేది ఆ కాయతోనే. పుచ్చకాయ రసం నుంచి జపాన్ వాళ్లు 1914లో ఒక పదార్థాన్ని వేరు చేశారు. పుచ్చ శాస్త్రనామం సిట్రలస్ కాబట్టి తర్వాత దానికి సిట్రలిన్ అని పేరొచ్చింది. నేలలో తడి తగ్గేకొద్దీ కలహారి అడవి పుచ్చ ఆకుల్లో ఈ సిట్రలిన్ పేరుకుంటుందని 2000లో మళ్లీ జపాన్ శాస్త్రవేత్తలే చూపించారు. ఎండకు ఆకు మాడిపోకుండా కాపాడే కవచం అది. మన నేలల్లోనే చేదు పుచ్చ అని ఒక తీగ పాకుతుంది. వైద్యులు దానినే ఏటిపుచ్చ అని కూడా అంటారు. దానికి ఎవరు నీళ్లు పోశారు? వేరు దించుకుని తన తడి తానే వెతుక్కుంటుంది. అలాంటి వంశంలో పుట్టిన పంటను కరువు చంపేసిందంటే ఎలా నమ్మమంటారు?

ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్క చూడండి. వంద రోజుల పుచ్చ పంటకు 400 నుంచి 600 మిల్లీమీటర్ల నీరు సరిపోతుంది. వెయ్యి లీటర్ల నీటికి 5 నుంచి 8 కిలోల కాయ దిగుతుంది. అదే వెయ్యి లీటర్లతో వరి ఎంత పండుతుందో మాగాణి రైతును అడగండి, కిలో బియ్యానికి కూడా చాలవంటాడు. పుచ్చకు నీళ్లు ఎక్కువ అక్కర్లేదు. ఏ పూటకు కావలసినంత ఆ పూటకు అందాలి, అంతే.

ఇదే అసలు కీలకం. మొలక లేచేటప్పుడు తడి కావాలి. తీగ సాగేటప్పుడు కావాలి. పూత, పిందె సమయంలో కరువు తగిలితే పిందె రాలిపోతుంది. కాయ ఊరేటప్పుడు ఎడతెగని తడి ఉండాలి. కానీ కాయ పక్వానికి వచ్చేటప్పుడు తడి తగ్గాలి. అప్పుడే తీపి చిక్కబడుతుంది. ఎండగట్టి ఒక్కసారి నీళ్లు వదిలితే కాయ పగులుతుంది. ఈ లెక్కంతా ఎవరు చూడాలి? ఇప్పుడైతే డ్రిప్పు, టైమరు, ఇంజనీరు. ఒకప్పుడు ఏరే చూసుకునేది.

ఎలాగో తెలియని పట్నం పిల్లలు మన విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం చెబుతున్నాం. కార్తీకం వెళ్లేసరికి ఏటిలో వరద తీస్తుంది. పాయలు సన్నబడి ఇసుక తేలుతుంది. ఆ ఇసుకలో రెండు మూడు అడుగులు గుంట తీస్తారు, చెయ్యి పెడితే చెమ్మ తగిలేదాకా. గుంటలో పెంటగత్తం వేసి గింజ పెడతారు. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా తాటికమ్మలు అడ్డం పాతుతారు. మొలక నిలిచేదాకా పక్కన చెలమ తీసి కడవతో పోస్తారు. అంతవరకే మనిషి పని. ఆ తర్వాత వేరు ఊటను పట్టుకుంటుంది. సంక్రాంతికి ఊట పైన ఉంటుంది, తీగ సాగుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ఊట మెల్లగా దిగుతుంది, వేరు దాని వెంటే దిగుతుంది. చైత్రం నాటికి ఊట అడుగుకు చేరుతుంది, పైన ఇసుక మండుతుంది, కాయలో తీపి దిగుతుంది. ఏటి పాదుకు నీరు పెట్టారా అని అడిగితే మా పెద్దలు నవ్వేవారు. ఏరే పెట్టుకుంటాది కదా అనేవారు. ఇప్పటి శాస్త్రవేత్తలు దీనినే మితమైన నీటి యాజమాన్యం అంటూ సెమినార్లలో చెబుతున్నారు.

ఆ నాటు కాయ ఎలా ఉండేదని కుర్రవాళ్లు అడుగుతారు. అబద్ధం చెప్పం. తొక్క మందం. గింజలు పెద్దవి, ఎక్కువ. లోపల కొన్ని ఎర్రగా, కొన్ని లేత గులాబీగా ఉండేవి. ఒక పాదు కాయ తేనె, పక్క పాదు కాయ చప్పన. దిగుబడిలో ఇప్పటి హైబ్రిడ్‌తో పోటీ పడలేదు. అయితే తొక్క మందం కాబట్టి వారం పది రోజులు మూల పడున్నా చెడేది కాదు. మరుసటి ఏడు గింజ కొనే పని లేదు, తిని ఉమ్మేసిన గింజే విత్తనం. ఇంకో మాట. కొందరు షుగర్ బేబీని పట్టుకుని ఇదే మన నాటు కాయ అంటుంటారు. కాదు. అది అమెరికా రకం. అసాహి యమాటో జపాన్‌ది. అర్క మాణిక్ బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థది. మంచి రకాలే, కాదనం. మన ఇసుక పెంచిన రకాలు మాత్రం కావు.

పంటకు కరువు కారణం కాదు సరే, మరి ఏటికి ఏమయింది?

గోస్తనినే తీసుకోండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని మీద 1960ల్లో తాటిపూడి రిజర్వాయరు కట్టారు. 15 వేల ఎకరాలకు పైగా తడుపుతామన్నారు, విశాఖ పట్నానికి తాగునీరిస్తామన్నారు. వరద డ్యాము దగ్గర ఆగింది. వరదతోపాటు వచ్చే కొత్త ఒండ్రు ఆగింది, కొత్త ఇసుక ఆగింది. డ్యాము దాటి కిందికి వచ్చిన ఆ కాస్త ఊటకు ఏటి గర్భంలో బావులు దించారు. విశాఖకు కొన్ని, విజయనగరానికి కొన్ని. పై నీరు రిజర్వాయరుది, లోపలి నీరు ఊటబావిది. పుచ్చవేరుకు మిగిలిందేమిటి?

శారద కథా అంతే. దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం కట్టింది చోడవరం, కె.కోటపాడు వైపు పొలాల కోసమన్నారు. నీరు నగరానికి మళ్లింది. రైవాడ నీటిని రైతుకే వదలాలని ఆ ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఒక నాయకుడు సరేనంటాడు. ఎన్నిక దాటగానే పైపులో నీరు పైపులోనే పారుతుంది.

ఇక ఇసుక. ఇది మన కళ్ల ముందే జరిగిన దోపిడీ కాబట్టి కాస్త లెక్క వేసి చెబుతాం. తడిసిన ఇసుక ఒక క్యూబిక్ మీటరులో సుమారు 300 లీటర్ల నీరు దాగుతుంది. ఏరంటే పైన పారే పాయ మాత్రమే కాదు, లోపల నిలబడ్డ ఈ నీటి గాదె కూడా. పది క్యూబిక్ మీటర్ల లారీ ఒకటి ఏటిలో నుంచి వెళ్లిందంటే 3 వేల లీటర్లు పట్టే గాదె వెళ్లిపోయినట్టు. ఆ నీటితో 15 నుంచి 24 కిలోల పుచ్చ పండేది, అదీ ఒక్క ఏడు కాదు, ఏటేటా నిండే గాదె అది. మధురవాడలో లేచిన అపార్టుమెంటుకు ఎన్ని లారీలు పట్టాయో లెక్క మీరే వేసుకోండి. 2016లో ఉచిత ఇసుక అన్నారు. 2019లో కొత్త విధానం అన్నారు. 2024లో మళ్లీ ఉచితం అన్నారు. జెండా మారిన ప్రతిసారీ ఇసుక విధానం మారింది. ఏటిలో దిగే పొక్లెయిను మాత్రం మారలేదు. ఇసుక ఉచితమట! ఎవరికి ఉచితం? ఏటి పాదు వేసుకునేవాడికి ఆ ఇసుకే పొలం. పొలాన్ని తవ్వి లారీకెత్తి ఉచితం అంటే ఆ మాటకు అర్థమేమిటి?

ఈ పొలానికి పట్టా లేదు. అది ఏటి పోరంబోకు. పాదులు వేసేది భూమి లేనివాళ్లు, వెనుకబడిన కులాలవాళ్లు, దళితులు. నాలుగైదు నెలల సాగు, వరద వస్తే వదిలేసే సాగు. రెవెన్యూ అడంగల్లో ఆ పేరుండదు. పేరు లేదు కాబట్టి నష్టం లేదు. నష్టం లేదు కాబట్టి పరిహారం లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు ఇళ్లు, పొలాలు ఇచ్చాయి. ఆ నిర్వాసితులకు కనీసం ఆర్-కార్డు అనే కాగితం ముక్క దక్కింది. దానికి ఉద్యోగం రాక ముసలివాళ్లయినవాళ్లు మన సభల్లో ముందు వరుసలో కూర్చుంటారు. ఏటి పాదుల నిర్వాసితుడికి ఆ ముక్క కూడా లేదు. అతను నిర్వాసితుడని ఎవరూ అనుకోనే లేదు. పాదులు పోయాక అతను ఆ ఇసుకనే తట్టతో ఎత్తే కూలీ అయ్యాడు, లేదా హైదరాబాద్ రైలెక్కాడు.

ఇక్కడ మనల్ని మనం కూడా అడుగుకోవాలి. కోపం వచ్చినా సరే.

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని నినదించి 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో జాతికి అంకితమైంది. 2021 జనవరిలో అమ్మేస్తామని ఢిల్లీ అనగానే కూర్మన్నపాలెం రోడ్డు మీద మనమందరం కూర్చున్నాం. అది న్యాయమైన పోరాటం, అందులో వెనక్కి తగ్గేది లేదు. కానీ ఆ ఫ్యాక్టరీకి నీరు ఎక్కడి నుంచి వస్తుందో మన ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు చెప్పాం? ఏలేశ్వరం దగ్గర ఏలేరు జలాశయం నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వి కణితి చెరువుకు తెచ్చారు. దారి పొడుగునా ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. ఆ కాలువ వాళ్ల గడప ముందు నుంచి పారుతుంది, వాళ్ల మడిలోకి మాత్రం పారదు. ఏలేరు అంటే పరిహారం కుంభకోణం గుర్తొచ్చే తరం మాది. ఆ కుంభకోణం మీద కేసులు నడిచాయి. కాలువ పక్క పొలం ఎందుకు ఎండిందన్న దాని మీద ఏ కేసూ నడవలేదు.

ఉక్కు ఉద్యోగి మిత్రులారా, మీ టౌన్‌షిప్ కొళాయిలో నీళ్లు ఆపమని మేము అనడం లేదు. ఫ్యాక్టరీ బతకాలి, నగరం తాగాలి. కానీ ఉక్కు మనదన్నవాళ్లం నీళ్లు ఎవరివని అడగకపోవడం తప్పు. రేపు ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోతే ప్రభుత్వ రంగం పేరు మీద వచ్చిన ఆ నీరు కూడా దానితోపాటే పోతుందా? ఈ ప్రశ్న మీ యూనియన్ కరపత్రంలో ఎందుకు లేదు?

ఈ దాహం ఇక్కడితో ఆగేదీ కాదు. నక్కపల్లి దగ్గర మరో ఉక్కు కర్మాగారం అంటున్నారు. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు, పదిహేను వందల కోట్ల డాలర్లట. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ యంత్రాల వేడి చల్లార్చడానికి నీళ్లు కావాలి. ఏ ఏటి నీళ్లు? ఎన్ని? ఎవరి వాటా కోసి? చెప్పి తెమ్మనండి, మేమే స్వాగత తోరణం కడతాం. గోదావరి నుంచి ఉత్తరాంధ్రకు 63.2 టీఎంసీలు తెచ్చి 8 లక్షల ఎకరాలు తడుపుతామన్న సుజల స్రవంతి 2009 నాటి మాట. నేటికీ పొలం గట్టుకు చేరలేదు. పోలవరం ఎడమ కాలువ మీద విశాఖ నగరానికి, పరిశ్రమలకు 23.44 టీఎంసీలు రాసిపెట్టారు. గొట్టానికి లెక్క రెండు దశాంశ స్థానాల దాకా తేలింది. ఏటికి వదలాల్సిన నీటి లెక్క మాత్రం ఏ కాగితంలోనూ మాకు కనబడలేదు.

డ్రిప్పు వేసుకోండి, మల్చింగ్ షీటు పరుచుకోండి, హైబ్రిడ్ వేయండి, లాభాలొస్తాయి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. బోరున్నవాడికి, పట్టా ఉన్నవాడికి, పెట్టుబడి ఉన్నవాడికి అది మంచి సలహాయే. వాళ్ల మీద మాకు కోపం లేదు. కానీ ఆ పంట రోజూ గొట్టం ద్వారా తాగడానికి అలవాటుపడ్డ పంట. పూత మీద నాలుగు రోజులు మోటారు కాలిపోతే రైతు పని అయిపోయినట్టే. ఏటికి మోటారు లేదు, కాలిపోయే భయమూ లేదు. ఉన్న ఏటిని పాడుచేసి దాని బదులు బోరు అమ్మడం ఏ రకం అభివృద్ధి?

రాజస్థాన్‌లో మతీరా అని నాటు పుచ్చ ఉంది. వాన మీద, ఎడారి ఇసుకలో పండుతుంది. 1644లో ఒక తీగ బికనీరు సరిహద్దు దాటి నాగౌర్ వైపు పాకి కాసిందని, ఆ కాయ ఎవరిదని రెండు సంస్థానాల సైన్యాలు నరుక్కున్నాయని అక్కడ చెప్పుకుంటారు. మతీరే కీ రాడ్ అని ఆ యుద్ధానికి పేరు. పిచ్చి అని నవ్వుతారేమో. కానీ ఆ నేల తన కాయను మరిచిపోలేదు. బికనీరులోని కేంద్ర మెట్ట ఉద్యాన సంస్థ ఆ మతీరాల నుంచే ఎంపిక చేసి ఎండకు తట్టుకునే పుచ్చ రకాలను విడుదల చేసింది. మనకూ అనకాపల్లిలో 1913 నాటి పరిశోధన కేంద్రం ఉంది. చెరకులో దేశమంతా పేరు తెచ్చుకుంది. ఏర్లమ్మట తిరిగి నాటు పుచ్చ గింజలు ఎన్ని సేకరించారు, ఎక్కడ దాచారు అని ఆ కేంద్రాన్నీ, ఉద్యాన విశ్వవిద్యాలయాన్నీ అడుగుతున్నాం. దాచి ఉంటే చూపించండి, మేమే మొదటి పేజీలో వేస్తాం.

రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయని చెప్పే సభలు చాలా జరిగాయి. రేపు రాష్ట్రం వచ్చి, మన మంత్రే కూర్చుని, మన ఇంజనీరే సంతకం పెట్టి గోస్తనిలో మరో పాతిక బావులు దించితే ఏటి పాదులవాడికి తేడా ఏముంటుంది? అందుకే మన కోర్కెల పత్రంలో ఇవి ఇప్పుడే చేరాలంటున్నాం. ప్రతి డ్యాము నుంచి, కార్తీకం నుంచి చైత్రం దాకా, ఇంత నీరు ఏటికి అని రాసిపెట్టి వదలాలి. ఇష్టమొచ్చినప్పుడు గేటు ఎత్తి గుంటలు ముంచకూడదు, దించి ఎండగట్టకూడదు. ఊటబావులున్న మేర ఇసుక లారీ దిగకూడదు. ఏటి పోరంబోకులో పాదులు వేసుకునేవాడి పేరు అడంగల్లో ఎక్కాలి, పంట పోతే పరిహారం రావాలి. రైవాడ నీటి మీద రైతు మాట ముందు వినాలి.

ఈలోగా ఒక పని మన చేతుల్లోనే ఉంది. మీ ఇళ్లలో అటక మీద, సొరబుర్రలో బూడిద కలిపి ముసలమ్మ దాచిన పుచ్చగింజలు ఉన్నాయేమో చూడండి. చేదు వస్తుందో, చప్పన వస్తుందో, మొలక రాదో అని పారేయకండి. పొట్లం కట్టి, ఏ ఊరు, ఏ ఏరు, ఎన్నాళ్ల కిందటి గింజ అని రాసి, ఈ పత్రిక మీకు తెచ్చిచ్చే కార్యకర్త చేతిలో పెట్టండి. వరద తీయగానే ఇసుక మిగిలిన చోట గుంట తీసి పెడదాం. చెయ్యి పెడితే చెమ్మ ఎన్ని అడుగుల్లో తగిలిందో ఊరి పేరుతో సహా ఇదే పేజీలో వేస్తాం.